చదువుకోవచ్చు గాని వాడుకోకూడదట

పరిశోధనలకు ప్రజాధనం నుంచి నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ శాఖల అధికారులకు,
‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం చూస్తున్న పెద్దలకు,
బెంగళూరు పరిశోధనాలయాల్లో పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. పీణ్య పారిశ్రామికవాడలో ఒక లేత్ షాపు మీద మేడలో రెండు గదుల పరీక్షాశాల నడుపుతున్నాను. పుట్టింది కదిరి దగ్గర పల్లెలో. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివాను, పదకొండేళ్ళు వేరే కంపెనీల్లో పనిచేశాను, ఆ తర్వాత అప్పు చేసి ఇది పెట్టుకున్నాను. నాతో పాటు ఇద్దరు కుర్రాళ్ళు, ఒకడు హిందూపురం, ఒకడు తుమకూరు. మా దగ్గరికి వచ్చే నమూనాల్లో ఎక్కువ భాగం వేరుశనగవే. గింజలు, గానుగ నూనె, పశువుల దాణాకు పోయే చెక్క. వాటిలో బూజు వల్ల పుట్టే విషం, అంటే అఫ్లటాక్సిన్, ఎంత ఉందో చూసి కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వడం మా పని. డబ్బులు తీసుకునే చేస్తాం. ఈ చివరి వాక్యాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నా గొడవంతా దాని చుట్టూనే ఉంది.

రెండేళ్ళ కిందట, వానలు పడుతున్న రోజుల్లో, వరసగా చెక్క నమూనాలు వచ్చాయి. మేము వాడేది పల్చటి పొర ప్లేటు పద్ధతి. అతినీల లోహిత దీపం కింద బి1 రకం విషం నీలంగా, జి1 రకం ఆకుపచ్చగా మెరుస్తాయి. వాటికి బి, జి అన్న పేర్లు వచ్చింది కూడా ఆ రంగుల వల్లే. చెక్కలో రంగులూ జిడ్డూ ఎక్కువ కాబట్టి చుక్క నిలబడకుండా అలుక్కుపోతోంది. పెద్ద ల్యాబులకు లక్షల రూపాయల యంత్రాలుంటాయి, వాళ్ళకు ఈ బాధ లేదు. వెతగ్గా వెతగ్గా మన దేశపు ప్రభుత్వ సంస్థ ఒకటి సరిగ్గా ఈ చిక్కు మీదే, చవక ద్రావకాలతో చెక్క సారాన్ని శుభ్రం చేసే విధానం మీదే, ఒక పేపరు, అంటే పరిశోధన పత్రం, ప్రచురించిందని తెలిసింది. నిధులిచ్చిన కేంద్ర శాఖకు అందులో కృతజ్ఞతలు కూడా చెప్పారు. సారాంశం వరకే ఉచితం. తక్కినది చదవాలంటే 39 డాలర్లు.

మేము ఒక నమూనాకు తీసుకునే రుసుము కంటె అది ఎక్కువ. అయినా కొనేదాన్నేమో. కాని అది మా పనికి వస్తుందో రాదో కొన్నాకే తెలుస్తుంది, రాకపోతే వెనక్కి ఇచ్చేది లేదు. మా ఊళ్ళో చెనక్కాయల మూట కొనేవాడికి కూడా నాలుగు కాయలు ఒలిచి నోట్లో వేసుకుని చూసే హక్కు ఉంటుంది. ఆ సంస్థ గ్రంథాలయానికి రాశాను. చందా ఉంది గాని, మా సంస్థవారికి మాత్రమే చూపించాలి అని మర్యాదగానే జవాబిచ్చారు. వాళ్ళ తప్పు లేదు, ఒప్పందం అలాంటిది.

రెండో సంగతి ఇంకా విచిత్రం. ఈసారి దొరికిన పేపరు పూర్తిగా ఉచితం. కాయ పెరికిన తర్వాత మోపులు ఎలా నిలబెట్టి ఆరబెడితే బూజు తగ్గుతుందో అందులో చక్కటి బొమ్మ ఉంది. దాన్ని తెలుగులోనూ కన్నడంలోనూ ఒక పెద్ద కాగితం మీద అచ్చువేసి, మా రిపోర్టుతో పాటు గానుగల వాళ్ళకూ, వాళ్ళ ద్వారా రైతులకూ ఇవ్వాలనుకున్నాను. కింద చిన్న అక్షరాల్లో లైసెన్సు ఉంది: వాణిజ్యానికి వాడరాదు, మార్చి పంచరాదు. వాళ్ళ భాషలో ఎన్‌సీ, ఎన్‌డీ. అనువాదం కూడా ‘మార్చడం’ కిందికే వస్తుంది. పేపరు రాసినాయన ఈ ఊళ్ళోనే ఉంటారు. వెళ్ళి కలిశాను. కాఫీ ఇప్పించారు, నేను గీసిన నమూనా చూసి సంతోషించారు, “వేసుకోండమ్మా, నాకేం అభ్యంతరం? కాని హక్కులు నా దగ్గర లేవు” అన్నారు. ప్రచురణ సంస్థకు రాస్తే ఒక ఫారం వచ్చింది, ఎన్ని ప్రతులు, ఏ దేశంలో, ఆదాయం ఎంత అని. నింపితే ఒక ధర వచ్చింది. ఆ ధరకు నేను ఆ కాగితాన్ని అయిదేళ్ళు అచ్చువేసుకోవచ్చు.

నిధులిచ్చిన కార్యాలయానికి ఏడాదిలో మూడు లేఖలు రాశాను. మొదటిదానికి నంబరు వేసిన రశీదు వచ్చింది. రెండోదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఒక వాక్యం వచ్చింది. మూడోదానికి ఏమీ రాలేదు. అందుకే నాలుగోది అందరి ముందూ రాస్తున్నాను.

మీరు చేసిన మంచిని ముందు ఒప్పుకుంటాను. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు, అంటే పరిశోధన జర్నళ్ళకు దేశం మొత్తం మీద ఒకే చందా కట్టే పథకానికి, ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 మూడేళ్ళకు కలిపి 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన 13,000 దాకా జర్నళ్ళు, 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు, దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులకూ అధ్యాపకులకూ పరిశోధకులకూ అందుతున్నాయి. చిన్న ఊళ్ళ ప్రభుత్వ కాలేజీలకు ఇది నిజంగా పెద్ద వరం. కాదనను. కాని లెక్క ఇంకోవైపు నుంచి చూడండి. పరిశోధనకు డబ్బు మనది. చేసిన శాస్త్రవేత్త జీతం మనది. పేపరును పరిశీలించి తప్పొప్పులు చెప్పే తోటి శాస్త్రవేత్తలకు ఆ పనికి ప్రచురణ సంస్థ మామూలుగా ఏమీ ఇవ్వదు, వాళ్ళలోనూ చాలామంది జీతాలు మనవే. చివరికి అదే పేపరు చదవడానికి మళ్ళీ 6,000 కోట్లు మనవే. అంతా కట్టాక కూడా గేటు లోపల ఉన్నది సంస్థల జాబితాలో పేరున్నవాళ్ళే. పీణ్యలో వేల చిన్న యూనిట్లున్నాయి. మేమెవరమూ ఆ జాబితాలో లేము.

2014 డిసెంబరులోనే బయోటెక్నాలజీ శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ కలిసి ఒక విధానం ప్రకటించాయి. వాళ్ళ నిధులతో రాసిన పేపరును జర్నల్ అంగీకరించిన రెండు వారాల్లో బహిరంగ భాండాగారంలో, అంటే పేపర్లను దాచి అందరికీ చూపించే వెబ్‌సైటులో, పెట్టాలన్నాయి. అది అక్షరాలా జరిగుంటే నా 39 డాలర్ల కథే ఉండేది కాదు.

ఈ ఊరికి ఈ విషయం కొత్తేమీ కాదు. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన వచ్చింది. ఓపెన్ యాక్సెస్, అంటే పరిశోధనను అందరికీ తెరిచి ఉంచడం, అన్న మాటకు నిర్వచనం ఇచ్చింది అదే. అదే ఏడాది మన భారతీయ విజ్ఞాన సంస్థలో ఈప్రింట్స్ భాండాగారం మొదలైంది, దేశంలో ఇలాంటివాటిలో మొదటిది. రామన్ 1934లో స్థాపించిన సైన్స్ అకాడమీ సదాశివనగర్‌లో ఉంది. దాని జర్నళ్ళను ఏళ్ళ తరబడి ఎవరైనా ఉచితంగా చదువుకుంటున్నారు. ‘కరెంట్ సైన్స్’ పత్రిక కూడా ఇక్కడిదే. దారి వేసిన ఊరు ఇది. బుడాపెస్ట్ ప్రకటనను మీలో చాలామంది చదివే ఉంటారు, అయినా ఒక్క సంగతి గుర్తుచేస్తాను. చదవడం, దించుకోవడం, పంచడం, అచ్చువేసుకోవడంతో అది ఆగలేదు. చట్టం ఒప్పుకునే ఏ ఇతర పనికైనా వాడుకోవచ్చంది. రచయితకు పేరు ఇవ్వాలి, ఆయన రచనను వక్రీకరించకూడదు, అంతే షరతు. ‘డబ్బు సంపాదించే పని అయితే వద్దు’ అని అందులో లేదు. అది తర్వాత వచ్చి చేరింది.

మా ఊరి సంగతి ఒకటి చెప్తాను. కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం కదిరి-6 అనే వేరుశనగ రకాన్ని తయారుచేసింది. ప్రజల డబ్బుతో, మళ్ళలో ఎండకు నిలబడి, ఏళ్ళ తరబడి చేసిన పని. మా మేనమామ అదే వేస్తాడు, పండిన కాయ యార్డులో అమ్ముకుంటాడు. విత్తనం సంచి మీద ‘ఇంట్లో వేయించుకుని తినవచ్చును, అంగట్లో అమ్మరాదు’ అని ఎవరూ ముద్ర వేయలేదు. వేసుంటే ఊరంతా నవ్వేది. అలాంటి పంట మీద, అదే ప్రజల సొమ్ముతో, అదే జీతాల శాస్త్రవేత్తలు రాసిన పేపరు మీద ఆ ముద్ర ఉంటే మాత్రం ఎవరికీ నవ్వు రాదు. పైగా అది ఏదో గొప్ప ధర్మసూత్రంలా వినిపిస్తుంది.

‘వాణిజ్యానికి వాడరాదు’ అంటే వ్యాపారం జరగదనుకుంటాం. జరుగుతుంది. రచయిత ఎన్‌సీ లైసెన్సు ఎంచుకున్నప్పుడు చాలాచోట్ల వాణిజ్య హక్కులు విడిగా ప్రచురణ సంస్థకే రాసిస్తాడు. అంటే ఆ ముద్ర తగిలేది ప్రచురణ సంస్థ తప్ప తక్కినవాళ్ళందరికీ. 2024 మే నెలలో జర్నళ్ళు ప్రచురించే టేలర్ అండ్ ఫ్రాన్సిస్ మాతృసంస్థ ఇన్ఫార్మా, తన రచనలను కృత్రిమ మేధకు వాడుకునేందుకు మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకున్నట్టు ప్రకటించింది. మొదటి చెల్లింపే కోటి డాలర్ల పైన. మమ్మల్ని అడగనేలేదని చాలామంది రచయితలు మొత్తుకున్నారు. అది వాణిజ్యం కాదా? కోటి డాలర్ల వాడికి తలుపు తెరుచుకుంది. గానుగ గోడకు అంటించే కాగితానికి ఆదాయం ఎంత అని ఫారం.

చట్టం తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు, అది సరైనదే. కాపీరైటు రాసిన తీరుకే గాని అందులోని విషయానికి ఉండదు. పద్ధతిని నేను చదివి నా ల్యాబులో చేసుకుంటే ఎవరూ పట్టుకోలేరు. ఒప్పుకుంటాను. కాని పద్ధతి తెలియాలంటే ముందు చదవాలి కదా, అక్కడ 39 డాలర్లు. చదివాక మా కుర్రాళ్ళకు నేర్పాలంటే, రైతుకు చూపించాలంటే, ఆ బొమ్మా ఆ పట్టికా కావాలి, అక్కడ ఎన్‌సీ. తెలుగులో కావాలి, అక్కడ ఎన్‌డీ. మా రిపోర్టుతో పాటు ఇచ్చే కాగితం వాణిజ్యమా కాదా? లైసెన్సులో ఉన్న మాట ‘ప్రధానంగా వాణిజ్య లాభం కోసమో డబ్బు ప్రతిఫలం కోసమో ఉద్దేశించిన’ అని. ఆ ‘ప్రధానంగా’ అన్నదాన్ని తేల్చడానికి పెద్ద కంపెనీకి వకీలు ఉంటాడు. నాకు కింద లేత్ షాపు ఓనరున్నాడు.

దీనివల్ల నష్టపోయేవాళ్ళెవరో రాస్తాను. నేను కళ్ళారా చూసినవాళ్ళే ఎక్కువ.

1. కదిరి, పావగడ, చింతామణి వైపు రైతు. కోతకు ముందు వాన ముఖం చాటేస్తే నేలలో ఉండగానే కాయకు బూజు పడుతుంది. పెరికాక తడిస్తే ఇంకా పెరుగుతుంది. కంటికి కనబడదు. యూరప్‌కు పోయే, నేరుగా తినే గింజలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. లోడు వెనక్కి వచ్చిందంటే ఎగుమతిదారు నష్టాన్ని మధ్యవర్తి మీదికి, మధ్యవర్తి రైతు మీదికి నెడతాడు. ఊరికి దగ్గర్లో, తక్కువ ఖర్చుతో, కోతకు ముందే పరీక్ష చేసేవాళ్ళుంటే రైతు మంచి కాయను వేరు చేసి మంచి ధరకు అమ్ముకుంటాడు. ఆ చవక పద్ధతులన్నీ ఎక్కడో ఒకచోట రాసే ఉన్నాయి.

2. పాలు తాగే పిల్లలు. ఈ సంగతి మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. గానుగలో ఆడినప్పుడు విషం ఎక్కువగా నూనెలోకి పోదు, చెక్కలోనే ఉండిపోతుంది. నూనె కొన్నవాళ్ళు “స్వచ్ఛం” అనుకుని సంతోషిస్తారు, చెక్క ఆవులకు పోతుంది. ఆవు తిన్న బి1 పాలలో ఎం1గా మారి వస్తుంది. పాలు కాచినా అది పోదు. మన దేశంలో దానికి కిలోకు 0.5 మైక్రోగ్రాముల హద్దు ఉంది. అసలీ విషం లోకానికి తెలిసిందే దాణా వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి, ఏమిటా అని వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి తేలింది. అరవై ఏళ్ళు దాటింది. బెంగళూరులో ఇప్పుడు వీధికో గానుగ వెలిసింది, చెక్క కట్టలు కట్టలుగా పశువుల కొట్టాలకు పోతోంది. వాటిలో ఎన్నింటిని ఎవరు పరీక్ష చేయిస్తున్నారు? మా దగ్గరికి వచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పరీక్ష ఖర్చు సగానికి తగ్గితే ఇంకా వస్తాయి. తగ్గించే విధానం ఆ 39 డాలర్ల తలుపు వెనక ఉందేమోనని నా అనుమానం. చదివితే గాని తెలియదు.

3. ప్రైవేటు కాలేజీల పిల్లలు. మా అక్క కూతురు ఈ ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ చేస్తోంది. ఆమె స్నేహితురాలు ప్రభుత్వ కాలేజీ. ఒకే సిలబస్, ఒకే పరీక్ష, ఒకరికి 13,000 జర్నళ్ళు, ఒకరికి సారాంశాలు. తర్వాతి దశల్లో ప్రైవేటు సంస్థలకూ, ఆపైన ప్రజా గ్రంథాలయాల ద్వారా అందరికీ అన్నారు. పిల్ల చదువు ఈ ఏడాదితో అయిపోతుంది.

4. చిన్న ఊళ్ళ డాక్టర్లు. వీళ్ళ గురించి లైబీరియా వాళ్ళే బాగా చెప్పారు. అక్కడ ఎబోలా చెలరేగాక, 2015లో ఆ దేశపు వైద్యాధికారులు ఒక పత్రికలో రాశారు: తమ దేశంలో ఎబోలా ఉండవచ్చని 1982లోనే యూరప్ శాస్త్రవేత్తలు ఒక పేపరులో హెచ్చరించారట. దాన్ని దించుకోవాలంటే 45 డాలర్లు, అక్కడి డాక్టరుకు సుమారు సగం వారం జీతం. ఆ పేపరులో చెప్పిన దేశంలో దాన్ని చదివినవాళ్ళు లేకపోయారు.

5. నిజాయితీగా ఉండాలనుకునేవాళ్ళు. పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా పంచే వెబ్‌సైట్ల దొంగదారి ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. 2020 డిసెంబరులో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు ఆ దారిని మూయించాలని ఢిల్లీ హైకోర్టుకు ఎక్కాయి. మా కుర్రాళ్ళు నాకు ఆ దారి చూపించారు. నేను వెళ్ళానో లేదో ఇక్కడ రాయను. నాది సంతకం పెట్టి రిపోర్టిచ్చే వృత్తి, అలాంటిదాన్ని ఈ వాక్యం రాసే స్థితికి తేవడం మాత్రం బాగాలేదు.

శాస్త్రవేత్తలారా, ఇప్పుడు మీతో ఒక మాట. మీలో ఎన్‌సీ ఎంచుకునేవాళ్ళు చెడ్డ ఉద్దేశంతో ఎంచుకోరు. “నా పనిని ఏదో పెద్ద కంపెనీ ఎత్తుకుపోయి అమ్ముకుంటుందేమో” అన్న భయం అది. ఆ రోజు కాఫీ దగ్గర ఆయన కూడా అదే అన్నారు. భయం న్యాయమైనదే, మందు మాత్రం సరైంది కాదు. పసుపు కథ గుర్తుచేసుకోండి. పుండ్లు మాన్పడానికి పసుపు వాడే హక్కు మాదేనంటూ 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేర పేటెంటు వచ్చింది. మన కేంద్ర పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ ఎదురు తిరిగి 1997లో దాన్ని రద్దు చేయించింది. దేంతో? ముందే అచ్చులో ఉన్న రాతలతో. సంస్కృత గ్రంథాలతో పాటు 1953లో మన వైద్యుల జర్నల్‌లో వచ్చిన పేపరు కూడా సాక్ష్యంగా పనికొచ్చింది. ఒక్కరే కబ్జా చేయకుండా కాపాడింది ఆ పని బయట పదిమందికీ తెలిసి ఉండటం. మూసిపెట్టినది ఎవరికి గుర్తుంటుంది, ఎవరు సాక్ష్యం తెస్తారు?

మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది భీమవరం, చదివింది మద్రాసు మెడికల్ కాలేజీ. ఆయనా, తోటి శాస్త్రవేత్త ఫిస్కే కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. దశాబ్దాల పాటు వీధి చివర రక్తపరీక్షల ల్యాబులు దానితోనో, దానికి చేసిన మార్పులతోనో పనిచేశాయి, డబ్బు తీసుకునే పనిచేశాయి. ఆ వాణిజ్యం వల్ల సుబ్బారావు గారి పేరు తగ్గలేదు. నాలాంటివాళ్ళకు ఆ పేరు తెలిసిందే ల్యాబులో, ఆ పద్ధతి పేరుగా.

ఇంకొక మంచి ఉదాహరణ పటాన్‌చెరులో ఉంది. అక్కడి అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వేరుశనగ మీద రాసిన పేపర్లను తన సొంత భాండాగారంలో తెరిచి పెట్టింది. మా హిందూపురం కుర్రాడు అఫ్లటాక్సిన్ పని సగం నేర్చుకున్నది వాటి నుంచే. ఫోనులో చదువుకున్నాడు, బస్సులో.

నా డిమాండ్లు ఇవి. మర్యాదగా అడుగుతున్నాను, కాని అడుగుతున్నాను.

1. 2014 విధానాన్ని అమలు చేయండి. పేపరు భాండాగారంలో పెట్టిన రుజువు చూపేదాకా ప్రాజెక్టు చివరి విడత డబ్బు ఆపండి. కొత్త చట్టం అక్కర్లేదు, నిధుల మంజూరు పత్రంలో ఒక్క వాక్యం చాలు. అమెరికాలో వైద్య పరిశోధనలకు ప్రభుత్వ నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ 2025 జూలై 1 నుంచి, తన నిధులతో వచ్చిన పేపర్లు ప్రచురణ అయిన రోజే అందరికీ తెరుచుకోవాలంటోంది. మనం అంతకన్నా పదేళ్ళ ముందు మొదలుపెట్టి ఎక్కడ ఆగిపోయాం?

2. ప్రజాధనంతో రాసిన ప్రతి పేపరుకూ, రచయిత పేరు చెబితే చాలు ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చనే లైసెన్సు, అంటే సీసీ బై, ఉండాలి. ఎన్‌డీ అసలు వద్దు. పరిశోధన ఇంగ్లీషులో రాసే దేశంలో అనువాదాన్ని నిషేధించడం అంటే రైతును నిషేధించడమే. హక్కు మొత్తంగా ప్రచురణ సంస్థకు రాసివ్వకుండా సంస్థ దగ్గర కొంత అట్టేపెట్టుకోవచ్చు, హార్వర్డ్ అధ్యాపకులు 2008లోనే ఆ తీర్మానం చేసుకున్నారు. మన సంస్థలు చేసుకోవడానికి అడ్డేమిటి?

3. 2027తో చందా ఒప్పందాల గడువు తీరుతుంది. కొత్త బేరం ఇప్పుడే మొదలవుతుంది కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను. 6,000 కోట్లు కట్టే కొనుగోలుదారుడు షరతులు పెట్టగలడు. మన దేశపు నిధులతో వచ్చిన పేపర్లు దేశంలో ఎవరికైనా తెరిచి ఉండాలన్నది మొదటి షరతు కావాలి. పేపరు ప్రచురణకు రచయితలు కట్టే రుసుముల కోసం పథకంలో ఏటా 150 కోట్లు కేటాయించారు. ఆ డబ్బుతో అచ్చయ్యేవాటికి కూడా ఎన్‌సీ ముద్ర పడకుండా చూడండి. కట్టిన డబ్బుకు సరుకు పూర్తిగా రావాలి.

4. అది కుదిరేలోపు గ్రంథాలయాలు తెరవండి. కబ్బన్ పార్కులోని ఎర్ర గ్రంథాలయ భవనంలో ఒక కంప్యూటరు, అనంతపురం జిల్లా గ్రంథాలయంలో ఒకటి. చదువుకుని రాసుకుని పోతాం. చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ యూనిట్లకు లాగిన్ ఇచ్చినా సరే.

5. మన శాస్త్రవేత్తల పేపర్లను కృత్రిమ మేధ కంపెనీలకు ఎవరు, ఎంతకు అమ్మారో ప్రచురణ సంస్థల నుంచి రాబట్టి బయటపెట్టండి.

6. వ్యవసాయం, ఆహారం, ఆరోగ్యం మీద ప్రజాధనంతో వచ్చే ప్రతి పేపరుకూ ఒక పేజీ తెలుగు, కన్నడ సారాంశం. ఇది పెద్ద ఖర్చు కాదు. శాస్త్రవేత్తకు రాయడం రాకపోతే మాలాంటివాళ్ళం రాసిపెడతాం.

ఒక చిన్న విషయం, ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుము కడితే కేంద్ర కార్యాలయం ఫైలు అడగవచ్చు. ఏ పరిశోధనకు ఎంత ఇచ్చారో, ఏ కుర్చీలు కొన్నారో చెప్తారు. ఆ పరిశోధనలో ఏం తేలిందో అడిగితే అదే చట్టం 9వ సెక్షన్ చూపించవచ్చు, కాపీరైటు ప్రభుత్వానిది కాక వేరేవాళ్ళదైతే ఇవ్వనక్కర్లేదని. కుర్చీల లెక్క నాకు వద్దండి.

నా మూడు లేఖల నకళ్ళు ఈ లేఖతో జతపరుస్తున్నాను. నలభై అయిదు రోజుల్లో జవాబు ఆశిస్తాను. ఆరబెట్టే విధానం చెప్పే కాగితం తెలుగులో, కన్నడంలో సిద్ధంగా ఉంది, మా ల్యాబు గోడకు తగిలించి పెట్టాను. మధ్యలో బొమ్మ ఉండాల్సిన చోట పెన్సిలుతో గీసిన ఖాళీ గడి ఉంది. వచ్చే ఖరీఫ్ కాయ పెరికే లోపు అనుమతి వస్తే యశవంతపురలో అచ్చుకు ఇస్తాను. అచ్చు ఖర్చు నాది.

ఇట్లు,
ఒక చిన్న పరీక్షాశాల యజమానురాలు,
పీణ్య, బెంగళూరు